క్యాబేజీ, కాలీఫ్లవర్ మీద గొంగళిపురుగులు: వల కట్టాలా, బీటీ కొట్టాలా, వేప సరిపోతుందా, చేత్తో ఏరితే చాలా?

మిద్దె మీద పది గ్రో బ్యాగులు పెట్టినా, పెరట్లో చిన్న మడి వేసినా క్యాబేజీ, కాలీఫ్లవర్, బ్రోకలీ, నూల్‌కోల్‌లకు పెద్ద బెడద గొంగళిపురుగే. దాన్ని ఆపడానికి ఐదారు దారులున్నాయి. వేపనూనె తప్ప మరొకటి అక్కర్లేదనేవాళ్ళున్నారు, వల లేకపోతే పంటే లేదనేవాళ్ళున్నారు. ఇద్దరి మాటా వాళ్ళ తోటల వరకు నిజం కావచ్చు. మీ తోటకు ఏది నప్పుతుందో తేలాలంటే మందు సంగతి పక్కన పెట్టి ముందు ఈ నాలుగూ చూసుకోండి: వచ్చింది ఏ పురుగు, మొక్క ఏ దశలో ఉంది, అందులో మనం తినే భాగమేది, రోజూ తోటలో ఎంతసేపు ఉండగలరు.

ఏ పురుగో తెలియకుండా ఏ మందూ వద్దు

ఆంధ్ర, తెలంగాణ మైదానాల్లో క్యాబేజీ జాతి మీద ప్రధానంగా కనిపించే గొంగళిపురుగులు నాలుగు.

మొదటిది డైమండ్ రెక్కల పురుగు. దీని గొంగళిపురుగు లేత ఆకుపచ్చగా, సన్నగా, పూర్తిగా ఎదిగినా ఒక సెంటీమీటరుకు అటూ ఇటూ ఉంటుంది. వేలితో తాకితే గిలగిలా కొట్టుకుంటూ వెనక్కి జరిగి, సన్నని దారం పట్టుకుని కిందికి వేలాడుతుంది. ఈ ఒక్క లక్షణం చాలు గుర్తుపట్టడానికి. చిన్న పురుగులు ఆకు అడుగున గీరి తిని పైపొరను వదిలేస్తాయి, అందుకే ఆకు మీద గాజు కిటికీల్లాంటి తెల్లని మచ్చలు కనిపిస్తాయి. మన వాతావరణంలో గుడ్డు నుంచి రెక్కల పురుగు దాకా రెండు మూడు వారాలే పడుతుంది. ఒక పంట కాలంలోనే ఎన్నో తరాలు వస్తాయి కాబట్టి ఒక్కసారి మందు కొట్టి ఊరుకుంటే లాభం లేదు.

రెండోది పొగాకు లద్దె పురుగు. ఆకు అడుగున వందల గుడ్లు ఒకేచోట కుప్పగా పెట్టి, వాటి మీద గోధుమరంగు నూగు కప్పుతుంది. పిల్ల పురుగులు కొద్దిరోజులు గుంపుగానే ఉండి ఆ ఆకును ఈనెలు మాత్రం మిగిలేలా జల్లెడ చేస్తాయి. పెద్దవయ్యాక చెల్లాచెదురై, పగలు మట్టిలోనో కింది ఆకుల మాటునో దాక్కుని రాత్రి తింటాయి. ఆకులకు పెద్ద పెద్ద చిల్లులు, వాటి దగ్గర నల్లని పెంటికలు ఉండి పగలు ఒక్క పురుగూ కనిపించకపోతే అనుమానించాల్సింది దీన్నే.

మూడోది మొవ్వు తొలిచే పురుగు. ఒంటి మీద గోధుమరంగు చారలుంటాయి. నాటిన కొత్తలో, నాలుగైదు ఆకుల మొక్క మొవ్వులోకి దూరి గూడు అల్లుకుని తింటుంది. మొవ్వు పోయిన క్యాబేజీ ఒక మంచి గడ్డకు బదులు మూడు నాలుగు చిన్న గడ్డలు వేస్తుంది, కాలీఫ్లవర్ అసలు పువ్వే వేయదు. సంఖ్యలో తక్కువే అయినా మొక్కకొక్కటి చాలు పంట పోవడానికి.

నాలుగోది ఆకుగూడు పురుగు. ఆకుల్ని దారాలతో అల్లి, ఆ గూట్లో గుంపుగా ఉండి తింటుంది. కాలీఫ్లవర్ పువ్వులోకి దూరితే పెంటికలతో పువ్వంతా పాడవుతుంది.

అమెరికాలోనో బ్రిటన్‌లోనో పెరటి తోట వేసుకునే తెలుగువారికి ముందు ఎదురయ్యేది వేరే పురుగు. పగటిపూట తోటలో ఎగిరే తెల్ల సీతాకోకచిలుకల పిల్లలవి. అందులో చిన్న రకం గుడ్లు ఒక్కొక్కటిగా, బ్రిటన్‌లో కనిపించే పెద్ద రకం పసుపుపచ్చని గుంపుగా పెడుతుంది. కింద చెప్పే పద్ధతులు వాటికీ పనిచేస్తాయి, ఏ మందుకు అనుమతి ఉందో మాత్రం ఆ దేశపు లేబుల్ చూసి తేల్చుకోవాలి.

దశ, తినే భాగం

నాటిన మొదటి మూడు నాలుగు వారాలు మొవ్వును కాపాడటమే అసలు పని. ఆ తర్వాత గడ్డ కట్టేదాకా బయటి ఆకులకు కొన్ని చిల్లులు పడినా మొక్క తట్టుకుంటుంది. గడ్డ కట్టడం మొదలైతే లెక్క మారిపోతుంది. లోపలికి దూరిన పురుగుకు ఏ పిచికారీ అందదు. కాబట్టి ఏ పద్ధతి ఎంచుకున్నా పురుగుల్ని గడ్డ మూసుకోకముందే ఏరివేయాలి.

నూల్‌కోల్, ముల్లంగి, టర్నిప్ వేసినవాళ్ళు ఇంత కంగారు పడక్కర్లేదు. తినేది దుంప కాబట్టి ఆకుల్లో ఐదో వంతు పోయినా దిగుబడి పెద్దగా తగ్గదు. వీటికి చేత్తో ఏరడం, అవసరమైతే ఒకసారి బీటీ (గొంగళిపురుగుల్ని చంపే బాక్టీరియా పొడి), అంతే. ఆవకూర, కేల్ లాంటివాటిలో తినేదే ఆకు, పైగా వారం వారం కోస్తూనే ఉంటాం. అక్కడ రసాయనాల ప్రసక్తే తేకండి, వల ఒక్కటే సరైన దారి.

ఒక్క చూపులో పోలిక

| పద్ధతి | ఏ పురుగు మీద బాగా పనిచేస్తుంది | మొదటి ఖర్చు | మీ సమయం | ఎక్కడ బెడిసికొడుతుంది |
|---|---|---|---|---|
| కీటక వల | బయటినుంచి వచ్చే అన్నిటి మీద | ఎక్కువ, మూడు నాలుగేళ్ళు వస్తుంది | కట్టేరోజు సగం పూట, తర్వాత వారానికోసారి | ఆకు వలకు తగిలితే, లోపల ముందే పురుగుంటే, ఎండ ముదిరితే |
| చేత్తో ఏరడం | లద్దె పురుగు, ఆకుగూడు పురుగు | లేదు | రోజూ | డైమండ్ రెక్కల పురుగు ఎక్కువైతే, మొక్కలు ఇరవై దాటితే |
| బీటీ | డైమండ్ రెక్కల పురుగు, ఆకుగూడు పురుగు చిన్న దశ | మధ్యస్థం | 5–7 రోజులకోసారి | పెద్ద పురుగుల మీద, ఎండలో కొడితే, పాత సరుకైతే |
| వేప కషాయం, వేపనూనె | గుడ్లు, అప్పుడే పొదిగిన పిల్లలు | తక్కువ | వారానికోసారి, కషాయమైతే ముందురోజు పని | పురుగు పెద్దదయ్యాక, సబ్బు కలపకపోతే |
| ఆవాల ఎర పంట | డైమండ్ రెక్కల పురుగు, ఆకుగూడు పురుగు | చాలా తక్కువ | ఆవ వరుసల మీద కన్నేసి ఉంచాలి | చోటు చిన్నదైతే |
| స్పైనోసాడ్ వంటి మందులు | అన్ని గొంగళిపురుగులు | మధ్యస్థం | ఒకటి రెండుసార్లు | మోతాదు తప్పితే, కోతకు దగ్గరైతే |

కీటక వల: కట్టగలిగితే మొదటి ఎంపిక ఇదే

క్యాబేజీ, కాలీఫ్లవర్, బ్రోకలీ, నూల్‌కోల్ నాలుగూ మనం పూతకు రాకముందే లేదా పూమొగ్గ దశలోనే కోసుకునేవి. తేనెటీగల అవసరం లేదు. నాటిన రోజు నుంచి కోతదాకా కప్పే ఉంచొచ్చు. బీరకూ కాకరకూ ఇలా కప్పడం కుదరదు. అందుకే ఈ జాతికి వలంత నప్పే పద్ధతి మరొకటి లేదు.

నారుమళ్ళకు వాడే తెల్లని 40 మెష్ కీటక వల అడగండి. 40 మెష్ అంటే అంగుళానికి 40 రంధ్రాలు. దీంట్లోంచి రెక్కల పురుగులేవీ దూరలేవు. 50 మెష్ ఇంకా సన్నం, కానీ గాలి ఆడదు, లోపల వేడెక్కుతుంది. గొంగళిపురుగుల కోసమే అయితే అంత అక్కర్లేదు. ఆకుపచ్చ షేడ్ నెట్‌ను దీనికి బదులు వాడకండి. అది వెలుతురులో సగం ఆపేస్తుంది, గడ్డ గట్టిపడదు, పైగా దాని అల్లికలోంచి చిన్న రెక్కల పురుగు సులువుగా లోపలికి వస్తుంది.

నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవున్న మడికి కొలతలివి. అడుగున్నర ఇనుప కడ్డీ ముక్కలు ఎనిమిది తీసుకుని, మడికి రెండు పక్కలా సమాన దూరంలో నాలుగేసి చొప్పున ముప్పావు అడుగు లోతుకు దిగగొట్టండి. అర అంగుళం నల్ల హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ పైపును ఏడున్నర అడుగుల ముక్కలుగా నాలుగు కోసి, ఎదురెదురు కడ్డీలకు రెండు కొసలూ తొడిగితే కమానులా వంగుతుంది. మధ్యలో ఎత్తు రెండున్నర అడుగులకు పైనే వస్తుంది. నాలుగు కమానుల నెత్తిన ఒక తాడు కట్టి రెండు చివర్లా గుంజలకు బిగించండి, లేకపోతే గాలికి కమానులు పక్కకు ఒరుగుతాయి. దీని మీదికి పదడుగుల వెడల్పు, పదహారడుగుల పొడవున్న వల కావాలి. అంచులు చుట్టూ అడుగు మేర నేల మీద పరిచి మట్టి కప్పండి. రోజూ తీసే పక్క మాత్రం మట్టికి బదులు ఇసుక నింపిన సంచులు పెట్టుకుంటే పని తేలిక.

ఈ మడిలో మొక్కకు మొక్కకు అడుగున్నర దూరంతో మూడు వరుసలు పడతాయని ఆశ పడతారు. వల కింద రెండు వరుసలే నాటండి. మూడో వరుస పెడితే పక్క మొక్కల ఆకులు వలకు ఆనుకుంటాయి. పురుగు బయట కూర్చునే రంధ్రాల గుండా ఆ ఆకు మీద గుడ్లు పెట్టేస్తుంది. పొగాకు లద్దె పురుగు ఇంకో అడుగు ముందుకేసి వల మీదే గుడ్ల కుప్ప పెడుతుంది, పొదిగిన పిల్లలు దారపు పోగంత సన్నగా ఉంటాయి కాబట్టి 40 మెష్‌లోంచి కూడా లోపలికి జారిపోతాయి. వల బయటి వైపు వారానికి రెండుసార్లు చూసి, గోధుమరంగు నూగు కుప్ప కనిపిస్తే గీకి సబ్బు నీళ్ళలో వేయడం మరిచిపోకండి. వల కట్టినా పురుగొచ్చిందని వాపోయేవాళ్ళ తోటల్లో తరచుగా జరిగేది ఇదే.

మిగతా కారణాలు రెండు. నర్సరీ నుంచి తెచ్చిన నారుతోనే గుడ్లు రావడం, పాత పంటలోని పురుగు మట్టిలో కోశంగా ఉండి వల లోపలే రెక్కలు విప్పడం. నారును నాటే ముందు ప్రతి ఆకూ తిప్పి చూసి, బీటీ ద్రావణం పిచికారీ చేసి, రెండో రోజు నాటండి. కిందటి సీజన్‌లో క్యాబేజీ, టమాటా, మినుము వంటివి ఉన్న మడి అయితే నాటడానికి రెండు వారాల ముందు మట్టి తిరగేసి ఎండనివ్వండి. గ్రో బ్యాగు అయితే మట్టి పరిచి ఎండబెట్టాలి.

మిద్దె తోటకు కమానులు అవసరం లేదు. పదిహేను అంగుళాల గ్రో బ్యాగు అంచున కర్రలు గుచ్చి విడి వల తొడిగే పద్ధతి చూడ్డానికి బాగుంటుంది కానీ, ఎదిగిన క్యాబేజీ ఆకులు రెండడుగుల దాకా పరుచుకుంటాయి, అన్ని వైపులా వలకు తగులుతాయి. దానికన్నా ఆరు బ్యాగుల్ని రెండు వరుసలుగా దగ్గరగా చేర్చి, మంచానికి కట్టే పెట్టె ఆకారపు తెల్ల దోమతెరను నాలుగు మూలలా పైపులకు వేలాడదీసి, అడుగు అంచును ఇటుకలతో నొక్కిపెట్టడం మేలు. దోమతెర రంధ్రాలు 40 మెష్ కన్నా పెద్దవే, అయినా పెద్ద రెక్కల పురుగుల్ని ఆపుతాయి. కీటకనాశిని పూసి అమ్మే దోమతెరలు మాత్రం కూరల మీద వాడకూడదు.

కలుపు తీయడానికి, ఎరువు వేయడానికి వల తీయాల్సి వస్తే మిట్టమధ్యాహ్నం తీయండి. ఈ రెక్కల పురుగులు చురుగ్గా తిరిగేది సంధ్యవేళ, రాత్రి. సాయంత్రం ఆరింటికి వల తెరిచి అరగంట పని చేసుకోవడమంటే వాటిని లోపలికి పిలవడమే.

వలకు ఒక చెడ్డ గుణముంది. పేనుబంక ఎలాగోలా లోపలికి వస్తే దాన్ని తినే అక్షింతల పురుగులు లోపలికి రాలేవు, వారంలో మొక్క నిండా పాకుతుంది. అందుకే వారానికోసారి వల ఎత్తి ఆకుల అడుగు చూడాలి. ఇక ఫిబ్రవరి చివరి నుంచి ఎండ ముదిరితే వల లోపల వేడి ఇంకా పెరుగుతుంది, కాలీఫ్లవర్ పువ్వు విచ్చిపోతుంది. ఆగస్టు–సెప్టెంబరులో నారు పోసి అక్టోబరులో నాటినవారికి ఈ తలనొప్పి ఉండదు. పైగా డైమండ్ రెక్కల పురుగు ఉధృతి కూడా జనవరి తర్వాతే పెరుగుతుంది. ఆలస్యంగా వేసిన పంటకు రెండు దెబ్బలూ కలిసి తగులుతాయి.

చేత్తో ఏరడం

పది మొక్కల లోపు ఉండి, రోజూ పది నిమిషాలు గడపగలిగితే దీనికి మించిన పద్ధతి లేదు. ఎలా చూడాలో తెలియాలి, అంతే. ప్రతి ఆకూ కింది నుంచి పైకి తిప్పండి, ముఖ్యంగా మధ్య ఈనె పక్కన చూడండి. నూగు కప్పిన గుడ్ల కుప్ప, జల్లెడలా మారిన ఆకు కనిపిస్తే ఆ ఆకును అలాగే తుంచి సబ్బు నీళ్ళ బకెట్లో ముంచేయండి. ఒక్క ఆకుతో వందల లద్దె పురుగులు పోతాయి. దీన్ని ఆలస్యం చేసి, అవి చెల్లాచెదురయ్యాక వెతకడం పదింతల పని. పెద్ద లద్దె పురుగుల కోసం రాత్రి ఎనిమిది తర్వాత టార్చి వేసుకుని వెళ్ళండి.

డైమండ్ రెక్కల పురుగు విషయంలో చేతి పని అంతంతమాత్రమే. మొక్కకు ఐదారు ఉంటే ఏరొచ్చు, ఇరవై ముప్పై ఉంటే కుదరదు. దీనికి కొందరు సాయంత్రం మొక్క మీదనుంచి నీళ్ళు చల్లుతారు. సంధ్యవేళ తడి వల్ల ఆ రెక్కల పురుగుల జతకట్టడం, గుడ్లు పెట్టడం తగ్గుతాయి, చిన్న పురుగులు కొట్టుకుపోతాయి కూడా. కానీ ఆకులు రాత్రంతా తడిగా ఉంటే నల్లకుళ్ళు తెగులు ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకు పాకుతుంది. ఆకు అంచు నుంచి లోపలికి ఆంగ్ల వీ అక్షరం ఆకారంలో పసుపు మచ్చ కనిపించిన తోటలో ఈ పని చేయకూడదు. పొడి గాలి ఉండే డిసెంబరు–జనవరిలో, తెగులు లేని మొక్కలకైతే ఫరవాలేదు.

బూడిద చల్లడం పాత అలవాటు. చల్లిన రోజు కొంత పనిచేస్తుంది, మంచుకు తడిసిపోతుంది, కొత్తగా వచ్చే ఆకు మీద ఉండదు. హాని లేదు, కానీ దాని మీదే ఆధారపడకండి.

బీటీ: పిచికారీల్లో మేటి, సరిగ్గా వాడితేనే

బీటీ అంటే బాసిల్లస్ తురింజియెన్సిస్ అనే బాక్టీరియా పొడి. గొంగళిపురుగు ఆకుతో పాటు దాన్ని తింటే, క్షారగుణమున్న దాని పేగులో బాక్టీరియా స్ఫటిక ప్రొటీను కరిగి పేగు గోడను ఛేదిస్తుంది. కొన్ని గంటల్లో మేత ఆగిపోతుంది, చావు రెండు మూడు రోజులకు వస్తుంది. మరునాడు పురుగు ఇంకా ఆకు మీదే ఉందని మళ్ళీ కొట్టకండి, కొత్త చిల్లులు పడుతున్నాయా అని చూడండి. మనుషులకు, తేనెటీగలకు, అక్షింతల పురుగులకు దీనితో హాని లేదు.

కొనేటప్పుడు ప్యాకెట్ మీద కుర్‌స్టాకి రకమని ఉందో లేదో చూడాలి. ఇజ్రాయెలెన్సిస్ అని ఉంటే అది దోమ పిల్లల కోసం, గొంగళిపురుగు మీద పనిచేయదు. తయారీ తేదీ చూడండి, ఎండ తగిలే అరలో పెట్టిన సరుకు వద్దు.

మోతాదు సాధారణంగా లీటరు నీటికి 1 నుంచి 2 గ్రాములు, చివరి మాట లేబుల్‌దే. పొడిని నేరుగా నీళ్ళలో వేస్తే ఉండలు కడుతుంది. ముందు కొద్ది నీళ్ళతో ముద్దగా కలిపి, తర్వాత మిగతా నీళ్ళు పోయండి. క్యాబేజీ ఆకు మీద మైనపు పొర ఉంటుంది, నీటి బొట్లు జారిపోతాయి. కాబట్టి లీటరుకు ఒక మిల్లీలీటరు జిగురు ద్రావణమో (పిచికారీల్లో కలిపే స్టిక్కర్) కొద్దిగా కుంకుడు రసమో కలపడం తప్పనిసరి. సూర్యరశ్మికి బీటీ త్వరగా చచ్చిపోతుంది, అందుకే సాయంత్రం ఐదు దాటాక, ఆకు అడుగు భాగం తడిసేలా కొట్టాలి. ఎదిగిన మొక్కకు 50 నుంచి 100 మిల్లీలీటర్లు పడుతుంది. కలిపిన ద్రావణం మరునాటికి దాచకండి. బోర్డో మిశ్రమం, కాపర్ మందులతో కలపకండి.

పురుగు అర సెంటీమీటరు ఉన్నప్పుడే ఫలితం బాగుంటుంది. 5–7 రోజుల తేడాతో రెండు మూడుసార్లు కొట్టి ఆపేయాలి. పొగాకు లద్దె పురుగు మీద కుర్‌స్టాకి అంత గట్టిగా పనిచేయదు, దానికి గుడ్ల కుప్పలు ఏరడమే సరైన మందు.

ఏడాది పొడవునా బీటీ ఒక్కటే కొడుతూ పోవడం మాత్రం తప్పు. డైమండ్ రెక్కల పురుగు మందులకు అలవాటుపడటంలో పేరు మోసింది. 1953లో ఇండోనేషియాలోని జావాలో డీడీటీ అనే పురుగుమందుకు తట్టుకున్నట్టు తేలింది. 1990లో హవాయి తోటల్లో బీటీకి కూడా తట్టుకుంటున్నట్టు బయటపడింది. పొలంలో బీటీకి ఇలా నిరోధకత తెచ్చుకున్న మొదటి పంట పురుగు ఇదే. మూడు బీటీల తర్వాత వేపకు మారండి.

హిందూపురం, మదనపల్లె, పలమనేరు వైపు ఉండి పట్టుపురుగులు పెంచే ఇళ్ళవారికి, వాళ్ళ పక్కవాళ్ళకు ఒక్క మాట: పట్టుపురుగు కూడా గొంగళిపురుగే. మల్బరీ తోట దగ్గర్లో, గాలి అటు వీచేటప్పుడు బీటీ కొట్టకండి. ఆ స్ప్రేయరును మల్బరీకి వాడకండి. అక్కడ వల తప్ప మరో ఆలోచన వద్దు.

వేప

వేప మీద మన ఇళ్ళలో నమ్మకం ఎక్కువ, అందుకు కారణమూ ఉంది. అయితే అది చంపే మందు కాదు. ఆకును పురుగుకు సయించకుండా చేస్తుంది, కుబుసం విడవకుండా అడ్డుపడుతుంది, గుడ్లు పెట్టడం తగ్గిస్తుంది. ఫలితం కనిపించడానికి నాలుగు నుంచి ఏడు రోజులు పడుతుంది. అరచేతి వెడల్పు చిల్లులు పడ్డాక వేప మొదలుపెట్టినవాళ్ళు నిరాశపడేది అందుకే. నాటిన వారం నుంచి ముందుజాగ్రత్తగా వాడితే దాని విలువ తెలుస్తుంది.

గింజల కషాయం నూనె కన్నా నయం, ఖర్చూ తక్కువ. వేసవిలో ఏరి నీడన ఆరబెట్టిన గింజలు వాడాలి, పది నెలలు దాటినవి పనికిరావు. పప్పు తీసి దంచిన పొడి 50 గ్రాములు పలుచని గుడ్డలో మూట కట్టి లీటరు నీళ్ళలో రాత్రంతా నాననివ్వండి. పొద్దున మూటను తెల్లని రసం ఆగేదాకా పిండండి, వడకట్టండి, 2 గ్రాముల సబ్బు పొడి కలపండి, అదే రోజు సాయంత్రం కొట్టండి. ఇది 5 శాతం కషాయం, నీళ్ళు ఇంకా కలపక్కర్లేదు.

కొన్న వేప మందు అయితే అజాడిరక్టిన్ (వేపలో పురుగు మీద పనిచేసే పదార్థం) ఎంత ఉందో సీసా మీద చూడాలి. దాన్ని పీపీఎంలో, అంటే పది లక్షల వంతుల్లో ఎన్ని వంతులో రాస్తారు. 1500 పీపీఎం అయితే లీటరుకు 5 మిల్లీలీటర్లు, 10000 పీపీఎం అయితే 1 నుంచి 2 మిల్లీలీటర్లు. దుకాణంలో దొరికే మామూలు వేపనూనె అయితే 5 మిల్లీలీటర్లను ముందు సబ్బు ద్రావణంలో గిలక్కొట్టి పాలలా చేసి, తర్వాత లీటరు నీళ్ళలో కలపండి. అలా చేయకపోతే నూనె పైకి తేలి, ఒక ఆకు మీద ఏమీ పడదు, ఇంకో ఆకు మాడిపోతుంది. కాలీఫ్లవర్ పువ్వు కనిపించాక వేపనూనె ఆపేయండి, చేదు, వాసన వదలవు.

ప్రకృతి సేద్యం చేసేవాళ్ళు వాడే అగ్నిఅస్త్రం అనే కషాయంలో పొగాకు ఉంటుంది. పొగాకులోని నికోటిన్ మనుషులకూ విషమే, చర్మం గుండా ఒంట్లోకి ఎక్కుతుంది. రేపో మాపో కోసి వండుకునే ఆకు మీద, పిల్లలు తిరిగే మిద్దె మీద దాన్ని వాడకపోవడమే మంచిది.

ఆవాల ఎర పంట ఎవరికి?

బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ చెప్పిన పద్ధతి ఇది. ప్రతి 25 వరుసల క్యాబేజీకి రెండు వరుసల ఆవాలు. ఒక వరుసను క్యాబేజీ నాటడానికి 15 రోజుల ముందు, రెండోదాన్ని నాటిన 25 రోజులకు విత్తుతారు, అప్పుడు పంట కాలమంతా లేత ఆవ ఆకు అందుబాటులో ఉంటుంది. రెక్కల పురుగు క్యాబేజీ కన్నా ఆవను ఇష్టపడి అక్కడే గుడ్లు పెడుతుంది.

రెండు మూడు గుంటల్లో వేసేవారికి ఇది బంగారం. పది కుండీల మిద్దె తోటకు మాత్రం వద్దని గట్టిగా చెబుతాం. ఆవ కుండీ క్యాబేజీకి రెండడుగుల దూరంలో ఉంటే మీరు పురుగును దారి మళ్ళించడం లేదు, తోటలోకి ఆహ్వానిస్తున్నారు. పొలంలో వేసినా ఆవ వరుసలను వదిలేయకూడదు. వారానికోసారి వాటి మీద బీటీ కొట్టాలి, లేదా పురుగు పట్టిన మొక్కలు పీకి పూడ్చాలి. లేకపోతే అదే పురుగుల పుట్ట అవుతుంది.

లింగాకర్షక బుట్టల (ఆడ పురుగు వాసనతో మగవాటిని లాగే ఉచ్చుల) గురించి కూడా అడుగుతుంటారు. వాటిలో పడేది మగ పురుగులే, అదీ ఒక్క జాతివే. పురుగు రాక మొదలైందని తెలుసుకోవడానికి పనికొస్తాయి, పంటను కాపాడవు.

రసాయనాల దాకా వెళ్ళాల్సి వస్తే

ఇంటి తోటలో ఆ అవసరం అరుదు. మొవ్వు తొలిచే పురుగు వరసగా మొక్కల్ని చంపుతుంటే, బీటీకి లొంగని డైమండ్ రెక్కల పురుగు ఉంటే, మట్టి బాక్టీరియా నుంచి తయారయ్యే స్పైనోసాడ్ ఉన్నవాటిలో మెరుగైనది. క్యాబేజీకి సిఫారసు చేసేది 2.5 శాతం ఎస్‌సీ (నీళ్ళలో కలిపే ద్రవ రూపం), లీటరుకు 1.2 మిల్లీలీటర్లకు అటూ ఇటూ. అదే పేరుతో 45 శాతం ఎస్‌సీ కూడా దొరుకుతుంది, అది 18 రెట్లు గాఢం. 2.5 శాతానికి చెప్పిన మోతాదు 45 శాతానికి వేస్తే ఇంట్లోవాళ్ళు తినే కూర విషమవుతుంది. తడిగా ఉన్నంతసేపు తేనెటీగలకు ప్రమాదం కాబట్టి పొద్దుగూకాకే కొట్టాలి. కొట్టాక ఎన్నాళ్ళకు కోయాలో లేబుల్‌లో ఉంటుంది, అంతకు ఒక్కరోజు ముందు కూడా కోయకండి. క్లోరాంట్రానిలిప్రోల్ అనే మరో రసాయనం లీటరుకు 0.1 మిల్లీలీటరు వేయాలి. రెండు లీటర్ల స్ప్రేయరు కోసం అంత చిన్న కొలత ఇంట్లో సరిగ్గా తీయడం కష్టం, అందుకే దాన్ని ఇంటి తోటకు సూచించం.

మీ పరిస్థితి ఏది?

మిద్దె మీద ఆరు నుంచి పది బ్యాగులు, రోజూ పొద్దున నీళ్ళు పోసే అలవాటు ఉన్నవారు: దోమతెర, చేత్తో ఏరడం. మందు కొనక్కర్లేదు.

ఉద్యోగం వల్ల శని, ఆదివారాలే తోటకు వెళ్ళగలిగేవారు: 40 మెష్ వల తప్పనిసరి. ఏరడం మీద ఆధారపడితే సోమవారం పొదిగిన లద్దె పురుగు శనివారానికి చెల్లాచెదురై ఉంటుంది. శనివారం సాయంత్రం బీటీ ఒక అలవాటుగా పెట్టుకోవచ్చు, కానీ మొవ్వు దశలో అదొక్కటే చాలదు.

పెరట్లో ముప్పై నలభై మొక్కలు, వలకు ఖర్చు వద్దనుకునేవారు: నాటిన ఏడో రోజు నుంచి వారం వారం వేప కషాయం, ఆకు మీద కిటికీ మచ్చలు కనబడగానే బీటీ మూడుసార్లు, మళ్ళీ వేప. రోజు విడిచి రోజు గుడ్ల కుప్పల కోసం వెతకాలి. వరుసల మధ్య టమాటా వేసుకుంటే డైమండ్ రెక్కల పురుగు కొంత తగ్గుతుంది, క్యాబేజీ కన్నా నెల ముందు టమాటా నాటి ఉండాలి.

కాలీఫ్లవర్, బ్రోకలీ ఇష్టపడేవారు: ఇక్కడ ఖర్చుకు వెనకాడకండి. క్యాబేజీకి బయటి ఆకులు తీసేస్తే లోపల బాగుండొచ్చు. పువ్వులో దూరిన పురుగును, దాని పెంటికల్ని తీయడం మాత్రం చాలా కష్టం. వల కట్టండి, పువ్వు గుప్పెడంత అయ్యాక చుట్టూ ఆకుల్ని దగ్గరగా కట్టేముందు లోపల ఒకసారి చూసుకోండి.

ఇప్పటికే చిల్లులు పడినవారు: ఈ రోజే వల కట్టకండి, పురుగుల్ని లోపల బంధించినట్టవుతుంది. మొదట బాగా తిన్న కింది ఆకుల్ని, గుడ్ల కుప్పల్ని తీసేయండి. అదే సాయంత్రం బీటీ. ఆరో రోజు మళ్ళీ బీటీ. ఎనిమిదో రోజున కొత్త చిల్లులు లేకపోతే అప్పుడు వల. మొవ్వు పోయిన మొక్క మీద ఆశ పెట్టుకోకుండా పీకేసి, నారు మిగిలి ఉంటే ఆ చోట ఇంకోటి నాటండి.

కోత అయ్యాక క్యాబేజీ మోడును మడిలోనే వదిలేస్తే అది మళ్ళీ చిగురిస్తుంది, ఆ చిగుళ్ళ మీద పురుగు వేసవిదాకా బతుకుతుంది. వేళ్ళతో సహా పీకి కంపోస్టు గుంతలో లోతుగా వేయండి. తోట అంచుల్లోని వామింట, పిచ్చి ఆవ మొక్కల్ని కూడా అప్పుడే తీసేయండి, మొవ్వు తొలిచే పురుగు వాటి మీదా బతుకుతుంది. వచ్చే ఏడు అదే మడిలో మళ్ళీ ఈ జాతి వేయకుండా బెండ, గోరుచిక్కుడు, ఉల్లి వంటివాటికి మార్చండి. వలను ఉతికి, నీడన ఆరబెట్టి, ఎలుకలు కొరకని చోట మడిచి పెట్టుకోండి. చిరుగులుంటే సూదీ దారంతో ఇప్పుడే కుట్టేయండి, నాట్ల హడావిడిలో గుర్తుండదు.